మధురపూడి నుండి కడపకు ఎంత దూరం? ఎంతసేపు?

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. పూర్వ విద్యార్థులం నలుగురం కూర్చుని ఆలోచించి, తొమ్మిది, పది తరగతుల లెక్కలతోనే తేలిపోయే ఒక ప్రశ్నను ఎంచుకున్నాం. రెండు చిన్న విమానాశ్రయాల మధ్య ఆకాశంలో దూరం ఎంత? ఆ దూరం వెళ్ళడానికి నిజంగా పట్టే కాలం ఎంత? మొదటి ప్రశ్నకు ఒకే జవాబు ఉంది. రెండోదానికి మాత్రం మనం ఎక్కడ నిలబడి అడుగుతున్నామన్న దాన్నిబట్టి జవాబు మారుతుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం రెండో ప్రశ్నకే పోతుంది.

మన వైపు విమానాశ్రయం అంటే మధురపూడి. రాజమండ్రికి ఉత్తరంగా, కోరుకొండ మండలంలో, ఊరికి సుమారు 18 కి.మీ. దూరంలో ఉంది. 1980ల మధ్యలో వాయుదూత్ వారి చిన్న విమానాలు ఇక్కడికి వచ్చేవి. ఆ తర్వాత చాలాకాలం రన్‌వే ఉంది కానీ విమానం లేదన్నట్టుగా గడిచింది. మొదట్లో రన్‌వే పొడవు 1,749 మీటర్లు. దాని మీద 70 మంది పట్టే ఏ.టి.ఆర్. రకం రెక్క పంఖాల విమానాలు దిగగలవు గాని పెద్ద జెట్ విమానాలకు చాలదు. తర్వాత దాన్ని 3,165 మీటర్లకు పొడిగించారు. ఆ పొడిగింపు ఫలితమే 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా మొదలైన విమానాలు.

రెండో విమానాశ్రయంగా కడపను తీసుకుందాం. కడప కూడా మనలాంటిదే. రన్‌వే ఎప్పటినుండో ఉన్నా, కొత్త టెర్మినల్‌తో విమానాశ్రయం ప్రారంభమైంది మాత్రం 2015 జూన్ 7న. 2017 ఏప్రిల్ 27న 'ఉడాన్' పథకం కింద మొదటిరోజు ఎగిరిన విమానాల్లో కడప – హైదరాబాద్ విమానం ఒకటి. కడపనే ఎందుకు ఎంచుకున్నామో ముందు ముందు మీకే తెలుస్తుంది.

దూరం లెక్క

లెక్కకు కావలసింది రెండు ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాలు. సాంఘికశాస్త్రం పుస్తకంలో వీటిని గళ్ళు గళ్ళుగా గీసిన బొమ్మ ఉంటుంది. పరీక్షకు బట్టీపట్టి మర్చిపోయే బొమ్మ అది. దాన్ని ఇప్పుడు వాడదాం.

మధురపూడి: 17 డిగ్రీల 7 నిమిషాల ఉత్తర అక్షాంశం, 81 డిగ్రీల 49 నిమిషాల తూర్పు రేఖాంశం.

కడప: 14 డిగ్రీల 31 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 46 నిమిషాల తూర్పు రేఖాంశం.

అక్షాంశాల తేడా 2 డిగ్రీల 36 నిమిషాలు. 60 నిమిషాలు ఒక డిగ్రీ గనుక ఇది 2.6 డిగ్రీలు. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. దాన్ని 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కి.మీ. వస్తుంది. కాబట్టి కడప మనకంటే 2.6 × 111 = 289 కి.మీ. దక్షిణంగా ఉంది.

రేఖాంశాల తేడా 3 డిగ్రీల 3 నిమిషాలు, అంటే 3.05 డిగ్రీలు. దీన్ని కూడా 111తో గుణించేస్తే పొరపాటు. ఎందుకంటే రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర దూరదూరంగా ఉండి, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దగ్గరపడతాయి. బత్తాయి తొనలను గుర్తు తెచ్చుకోండి. తొన నడుము వెడల్పుగా, కొసలు సన్నగా ఉంటాయి. ఎంత సన్నబడుతుందో చెప్పేది కొసైన్. మన రెండు అక్షాంశాల సగటు సుమారు 15.8 డిగ్రీలు. త్రికోణమితి పట్టికలో దీని కొసైన్ 0.962. 111 × 0.962 = 106.8. కాబట్టి కడప మనకు 3.05 × 106.8 = 326 కి.మీ. పడమరగా ఉంది.

ఇక మిగిలింది పైథాగరస్ సిద్ధాంతం. లంబకోణ త్రిభుజంలో ఒక భుజం 289, రెండోది 326. వర్గాలు 83,521, 1,06,276. కూడితే 1,89,797. వర్గమూలం 435కూ 436కూ మధ్య వస్తుంది. అంటే మధురపూడి నుండి కడపకు నేరు దూరం దాదాపు 435 కి.మీ.

"భూమి గుండ్రంగా ఉంది కదా, బల్లపరుపు త్రిభుజం ఎలా పనికొస్తుంది?" అని చురుకైన విద్యార్థి అడగాలి. అడగకపోతే మాస్టారు అడగాలి. గోళం మీద దూరానికి వేరే సూత్రం ఉంది, దానితోనూ చేసి చూశాం. కిలోమీటరు కూడా తేడా రాలేదు. ఇంకా పెద్ద దూరం పెట్టి చూద్దామని శంషాబాద్ నుండి కువైట్‌కు లెక్కగట్టాం. గోళం సూత్రంతో సుమారు 3,370 కి.మీ., మన త్రిభుజంతో సుమారు 3,380. పది కిలోమీటర్లే తేడా! పదో తరగతి లెక్కను ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు.

గీత ఏ ఊళ్ళ మీదుగా వెళుతుంది?

హాస్టల్లో ఆంధ్రప్రదేశ్ పటం ఉంటే స్కేలు పెట్టి రెండు చోట్లనూ కలపండి. గీత కొవ్వూరు దగ్గర గోదావరి దాటుతుంది. తాడేపల్లిగూడేనికి కాస్త పడమరగా పోయి కొల్లేరు మీద సాగి, కైకలూరు, గుడివాడల మీదుగా వెళుతుంది. కృష్ణానదిని దాటి బాపట్ల, చీరాలలకు కొద్దిగా లోపలి వైపు నడుస్తుంది. ప్రయాణంలో సరిగ్గా సగం దూరం చీరాల దగ్గరే. అక్కడినుండి ఒంగోలుకు పడమరగా వెళ్ళి, ఉదయగిరి పక్కన వెలికొండలు దాటి, బద్వేలు మీదుగా కడప చేరుతుంది. నదులు, ఒక పెద్ద సరస్సు, ఒక కొండల వరుస. నేల మీద వీటిలో ప్రతి ఒక్కదానికీ వంతెనో, చుట్టుదారో కావాలి.

కైకలూరు పేరు వచ్చింది గనుక ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేం. లోక్‌సభకు మొట్టమొదటి దళిత స్పీకర్ అయిన జి.ఎం.సి. బాలయోగి గారు మన కోనసీమ బిడ్డ, గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఎదుర్లంక వాస్తవ్యులు. 2002 మార్చి 3న భీమవరం నుండి హైదరాబాద్‌కు హెలికాప్టర్లో వెళుతూ కైకలూరు దగ్గర జరిగిన ప్రమాదంలో మరణించారు. యానాం – ఎదుర్లంక వంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆ వంతెన లేనప్పుడు యానాం ఎదురుగా కనిపిస్తూనే ఉండేది, చేరాలంటే మాత్రం పడవ కోసం రేవులో కూర్చోవాల్సి వచ్చేది. కంటికి కనిపించే దూరం వేరు, కాలికి తగిలే దూరం వేరు అని మన లంకల వాళ్ళకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

రన్‌వే మీద అంకెలు

మధురపూడి రన్‌వేకు రెండు చివర్లా పెద్ద అంకెలు రాసి ఉంటాయి. ఒక చివర 05, రెండో చివర 23. ఇవి వరుస సంఖ్యలు కావు. దిక్సూచిలో ఉత్తరం నుండి కుడివైపుగా కొలిచిన కోణంలో చివరి సున్నా తీసేసి రాసినవి. 05 అంటే 50 డిగ్రీలు, అంటే ఈశాన్యం. 23 అంటే 230 డిగ్రీలు, అంటే నైరుతి. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే లేవడానికీ దిగడానికీ ప్రయత్నిస్తుంది. ఎదురుగాలి ఉంటే రెక్కలకు త్వరగా ఎత్తు దొరుకుతుంది, తక్కువ రన్‌వే సరిపోతుంది. గాలిపటం ఎగరేసిన ప్రతివాడికీ ఇది తెలుసు. మనకు వానాకాలంలో నైరుతి గాలి, శీతకాలంలో ఈశాన్య గాలి. రన్‌వే ఆ రెండు దిక్కులకే గురిపెట్టి ఉండడం చూస్తే పాఠ్యపుస్తకంలోని రుతుపవనాల పాఠం సిమెంటు మీద గీసినట్టుంటుంది. కడప రన్‌వే అంకెలు 11, 29. అది ఏ దిక్కులకు చూస్తుందో మీరే చెప్పండి.

ఇంకో సరదా సంగతి. మన త్రిభుజంలో కోణం కూడా కట్టి చూశాం. మధురపూడి నుండి కడప ఉన్న దిక్కు ఉత్తరం నుండి సుమారు 228 డిగ్రీలు. అంటే వానాకాలంలో నైరుతి వైపు లేచిన విమానం ముక్కు దాదాపు కడపకే చూపిస్తూ ఉంటుంది. అలాగని అటే పోదు.

గాలిలో ఎంతసేపు?

ఏ.టి.ఆర్. 72 విమానం ఎత్తుకు చేరాక గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో పోతుంది. 435ను 500తో భాగిస్తే 0.87 గంట, అంటే 52 నిమిషాలు. పైలట్లు కిలోమీటర్లు వాడరు, నాటికల్ మైళ్ళు వాడతారు. అక్షాంశంలో ఒక నిమిషం పొడవే ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కి.మీ. మన 435 కి.మీ. అంటే 235 నాటికల్ మైళ్ళు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని ఒక 'నాట్' అంటారు. మన విమానం వేగం 270 నాట్లు. ఇవి వరి నాట్లు కావని మా ఊళ్ళో చెప్పాల్సి వచ్చింది!

52 నిమిషాలన్నది కాగితం మీద లెక్క. విమానం లేచిన వెంటనే 500 అందుకోదు. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు వేగం చాలా తక్కువ. గీసిన గీత మీదనే వెళ్ళడానికీ వీల్లేదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులున్నాయి. దిగే ముందు రన్‌వేకు ఎదురుగా రావడానికి తిరగాలి. వీటికి పది పదిహేను నిమిషాలు కలపండి. టెర్మినల్ దగ్గర కదిలి రన్‌వే చేరడానికి, దిగాక మళ్ళీ టెర్మినల్ చేరడానికి ఇంకో పది. మొత్తం గంటా పావు. టికెట్ మీద ఇచ్చే సమయం ఇలా కలిపి వేసిందే.

గాలి సంగతి చూద్దాం. గంటకు 40 కి.మీ. ఎదురుగాలి ఉంటే నేలను బట్టి వేగం 460. అప్పుడు 57 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుండి తోస్తే వేగం 540, కాలం 48 నిమిషాలు. పోటీ పరీక్షల్లో పడవ – ప్రవాహం లెక్కలు వస్తాయి కదా, అచ్చం అవే. గోదావరిలో ఏటికి ఎదురు తెడ్డు వేసినవాడికి ఈ లెక్క చేతులతోనే తెలుసు. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదన్నది ఇందులో చూడాల్సిన విషయం. 57, 48 కలిపితే 105. గాలి లేకపోతే రానూపోనూ 104. ఒక్క నిమిషమే తేడా. గాలి పెరిగేకొద్దీ ఆ తేడా కూడా పెరుగుతుంది. 100 కి.మీ. గాలి పెట్టి చేసి చూడండి.

నేల మీద ఎంతసేపు?

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. రెండు చిన్న విమానాశ్రయాల మధ్య నేరు విమానం నడవాలంటే రోజూ అటూ ఇటూ డెబ్బై మంది చొప్పున ఎక్కాలి. రాజమండ్రి నుండి కడపకు అంతమంది రోజూ ఎక్కడినుండి వస్తారు? అందుకే ఇద్దరినీ ముందు హైదరాబాద్ తీసుకుపోయి, అక్కడినుండి విడదీసి పంపడం విమాన సంస్థల పద్ధతి. మనకు అలవాటైన దారి అదే.

మధురపూడి నుండి శంషాబాద్ 360 కి.మీ. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి గనుక ఇది ఇంచుమించు సూటిగా పడమటి ప్రయాణం. శంషాబాద్ నుండి కడప 305 కి.మీ., ఇది సూటిగా దక్షిణం. మొత్తం 665. నేరు దూరం 435 కదా, అంటే 230 కి.మీ. అదనం.

రైలు దారి కూడా చూద్దాం. రాజమండ్రి నుండి విజయవాడ సుమారు 150, విజయవాడ నుండి గూడూరు 293, గూడూరు నుండి రేణిగుంట 83, రేణిగుంట నుండి కడప 125. మొత్తం దాదాపు 650 కి.మీ. చూశారా? నల్లమల, వెలికొండలను తప్పించుకుంటూ సముద్రం ఒడ్డునే దిగి, చుట్టూ తిరిగి వచ్చే రైలు దారీ, హైదరాబాద్ మీదుగా పోయే గాలి దారీ ఇంచుమించు ఒకే పొడవు. రైలుకు కొండలు అడ్డం, విమానానికి లాభనష్టాలు అడ్డం. కడపను ఎంచుకోవడానికి ఒక కారణం ఇదే.

ఇప్పుడు కోనసీమలోని ఒక లంక గ్రామం నుండి కడప ఊళ్ళోకి కాలం కడదాం. ఊరి నుండి మధురపూడికి ఆటో, బస్సు, మళ్ళీ ఆటో కలిపి రెండున్నర గంటలు. విమానం లేవడానికి గంట ముందే కౌంటర్ మూసేస్తారు గనుక రెండు గంటల ముందు ఉండాలి. హైదరాబాద్‌కు గంటా పది నిమిషాలు. అక్కడ రెండో విమానం కోసం రెండున్నర గంటలు ఆగాలనుకుందాం. కడపకు గంటా అయిదు నిమిషాలు. దిగి, సామాను తీసుకుని ఊళ్ళోకి చేరడానికి ముప్పావు గంట. కూడితే పది గంటలు. 435ను పదితో భాగిస్తే గంటకు 43.5 కి.మీ. ఇది ప్యాసింజర్ బండి వేగం! ఆ పది గంటల్లో గాలిలో ఉన్నది రెండు గంటలే.

రైల్లో అయితే రాజమండ్రి నుండి సాయంత్రం తిరుమల ఎక్స్‌ప్రెస్ లాంటి బండి ఎక్కితే సుమారు 14 గంటలు. ఊరి నుండి స్టేషనుకు, స్టేషను నుండి ఊళ్ళోకి ఇంకో మూడు గంటలు వేసుకున్నా 17. విమానం వల్ల మిగిలింది ఏడు గంటలు. ఆ ఏడు గంటలకు టికెట్ తేడా ఎంతో చూసుకుని ఎవరికి వారు నిర్ణయించుకోవాలి. రాత్రంతా పడుకుని వెళ్ళే రైలు ప్రయాణంలో నిద్ర గంటలు పోయినట్టు కాదని మాలో ఒకరి వాదం. రిజర్వేషన్ దొరికితేనే ఆ వాదం నిలుస్తుందని మిగతా ముగ్గురి వాదం.

ఉడాన్ పథకం మొదలైనప్పుడు సుమారు 500 కి.మీ. లేదా గంట ప్రయాణానికి కొన్ని సీట్ల ధర 2,500 రూపాయలు మించకూడదని పరిమితి పెట్టారు. మన 435 దానిలోపలే ఉంది. కానీ ప్రభుత్వం ఇచ్చే సహాయం కొన్నేళ్ళకే, ఆ తర్వాత ఆ దారి తన కాళ్ళ మీద తాను నిలబడాలి. 2015లో హైదరాబాద్ కేంద్రంగా మొదలై మనలాంటి ఊళ్ళకు ఏ.టి.ఆర్.లు నడిపిన ట్రూజెట్ సంస్థ 2022 ఆరంభంలో ఆగిపోయింది. చిన్న విమానాశ్రయంలో రన్‌వే ఉండడం ఒక సంగతి, రేపు కూడా విమానం వస్తుందన్న నమ్మకం ఇంకో సంగతి.

కువైట్ దారి

కడపను ఎంచుకోవడానికి రెండో కారణం ఇది. మన గోదావరి జిల్లాల నుండి, కడప జిల్లా నుండి గల్ఫ్ దేశాలకు, ముఖ్యంగా కువైట్‌కు పనికి వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇళ్ళల్లో పనికి వెళ్ళినవాళ్ళలో మన అమ్మలు, పిన్నులు, అక్కలే ఎక్కువ. హాస్టల్లో ఏ గదిలో అడిగినా ఒకరిద్దరి తల్లులు అక్కడే ఉంటారు. అందువల్ల ఈ లెక్క మనకు పరీక్ష మార్కుల కోసం కాదు.

2018లో మా తర్వాతి బ్యాచ్ తమ్ముడొకడి తండ్రి చనిపోయాడు. తల్లి కువైట్‌లో ఉంది. పనిచేసే ఇంటివాళ్ళు మంచివాళ్ళు, కబురు అందిన రోజే పాస్‌పోర్టు చేతికిచ్చి రాత్రి విమానం ఎక్కించారు. ఉదయం 6 గంటలకు శంషాబాద్‌లో దిగి, 7.30కు బయటికి వచ్చింది. అప్పటికి 3,370 కి.మీ. దాటేసింది. ఇంకా మిగిలింది దాని పదో వంతు. ఆమెకు తెలిసిన దారి బస్సే. నగరంలోకి వచ్చి, బస్సు పట్టుకుని, ఊరు చేరేసరికి రాత్రి 8 దాటింది. ఎండాకాలం. ఊరి పెద్దలు చూసి చూసి సాయంత్రం 5 గంటలకు మట్టి చేశారు.

ఆ రోజు ఉదయం పది గంటల ప్రాంతంలో మధురపూడికి విమానం ఉంది. అది ఎక్కి ఉంటే 11.10కి మధురపూడి, మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు. చివరి నిమిషంలో టికెట్ ఖరీదే, కానీ ఊళ్ళో చందా వేసుకునైనా కట్టేవాళ్ళు. ఆ విమానం ఒకటుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. విమానం అంటే హైదరాబాద్ దాకా వచ్చేది అనే అందరి లెక్క. తమ్ముడు ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఈ సంగతి రాయమని అతనే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు.

కాబట్టి ఇంట్లో గల్ఫ్‌లో ఉన్నవాళ్ళున్న ప్రతి విద్యార్థీ ఈ కొంచెం నేర్చుకోవాలని మా కోరిక. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 11కు లేచిన విమానం నాలుగున్నర గంటలు ఎగిరితే అక్కడి గడియారంలో తెల్లవారుజామున 3.30, మన గడియారంలో 6. విదేశీ విమానం దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, కస్టమ్స్ ఉంటాయి. రెండు టికెట్లు విడివిడిగా కొంటే సామాను తీసుకుని మళ్ళీ కొత్తగా చెకిన్ చెయ్యాలి. అందుకని దిగడానికీ రెండో విమానం లేవడానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉండేట్టు చూసుకోవాలి. ఒకే టికెట్ మీద చివరి ఊరి దాకా తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు తర్వాతి విమానంలో పంపే బాధ్యత సాధారణంగా సంస్థ మీద ఉంటుంది. విడి టికెట్లకు ఆ రక్షణ లేదు. టికెట్ మీద వేసే సమయాలన్నీ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలే. ఇది తెలియక తికమకపడే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకు మీరు చదివి చెప్పాలి.

గడియారం మాట వచ్చింది గనుక, భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, కడపలో సూర్యుడు నడినెత్తికి రావడం మధురపూడి కంటే 12 నిమిషాలు ఆలస్యం. ఒకే గడియారం పెట్టుకుని రెండు పొద్దుల్లో బతుకుతున్నామన్నమాట.

రెండు నిమిషాల విమానం

దూరం చిన్నదైతే విమానం దండగ అనుకుంటాం. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్‌నీ దీవులున్నాయి. అందులో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య 1967 నుండి విమానం నడుస్తోంది. దూరం 2.7 కి.మీ. మాత్రమే! ప్రయాణం రెండు నిమిషాల లోపు. ప్రపంచంలో అతి చిన్న విమాన సర్వీసు అదే. పాపా వెస్ట్రేలో ఉండేది వందమంది లోపే. అంతమందికి విమానమెందుకంటే, ఆ రెండు దీవుల మధ్య వంతెన లేదు, సముద్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు.

మన సఖినేటిపల్లి – నరసాపురం రేవు గుర్తొచ్చింది మాకు. వశిష్ఠ గోదావరి మీద పంటు ఎక్కి దాటే రేవు అది. వరద వస్తే పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. ఎదురుగా ఉన్న కాలేజీ ఆ నాలుగు రోజులు ఎక్కడో దూరాన ఉన్నట్టే. వందమందికి విమానం నడిపిన ఆ దేశపు లెక్క ఏమిటో, వేలమందికి పంటు ఆపుకునే మన లెక్క ఏమిటో కాస్త పోల్చి చూసుకోవడంలో తప్పులేదు.

ఈ లెక్కలతో ఉద్యోగం

విమానాలకు దారి చెప్పేది ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. మనం పైన చేసిన దూరం, దిక్కు, వేగం, గాలి లెక్కలే ఆ ఉద్యోగంలో రోజూ చేసేవి. భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పేరుతో ఈ పోస్టులకు పరీక్ష పెడుతుంది. గణితం, భౌతికశాస్త్రం ఉన్న బి.ఎస్సీ. చాలు, ఇంజనీరింగే చదవాలని లేదు. గరిష్ఠ వయసు 27, ఎస్సీ, ఎస్టీలకు అయిదేళ్ళ సడలింపు ఉంటుంది. ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడగలగాలి, రేడియోలో పైలట్లతో మాట్లాడే భాష అదే. ఇంటర్లో ఎం.పి.సి. తీసుకున్నవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు మళ్ళీ ఒకసారి సరిచూసుకోండి.

చివరగా తొమ్మిది, పది తరగతుల వాళ్ళకు ఒక లెక్క. గన్నవరం 16 డిగ్రీల 32 నిమిషాల ఉత్తరం, 80 డిగ్రీల 48 నిమిషాల తూర్పు. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట 13 డిగ్రీల 38 నిమిషాల ఉత్తరం, 79 డిగ్రీల 33 నిమిషాల తూర్పు. సగటు అక్షాంశానికి కొసైన్ 0.966 తీసుకోండి. నేరు దూరం కనుక్కుని, 500 కి.మీ. వేగంతో ఎన్ని నిమిషాలో రాయండి. తర్వాత మీ ఊరి నుండి బయల్దేరి తిరుపతి ఊళ్ళోకి చేరడానికి మొత్తం ఎన్ని గంటలో, బస్సు మారే చోట ఆగే సమయంతో సహా వేయండి. దూరం 348కీ 350కీ మధ్య వస్తే మొదటి సగం సరిగ్గా చేసినట్టు. రెండో సగానికి జవాబు ఒక్కొక్కరిది ఒక్కోలా వస్తుంది. ఆ కాగితాలు మాకు పంపండి, ఏ ఊరి వాళ్ళకు ఎక్కువ గంటలు పడుతున్నాయో వరుసగా రాసి వచ్చే ఏడాది సంచికలో వేయిస్తాం.